బేరానికి ముందు ఛాసిస్ నంబరు

గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి మాకు రాసిన ఉత్తరం సారాంశమిది. కాలేజీకి వెళ్ళే కుమారుని కోసం ఆమె భర్త తెలిసిన మధ్యవర్తి ద్వారా ఒక పాత మోటారు సైకిల్ కొన్నారు. ఆర్సీ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, అమ్మిన వ్యక్తి అయిదు పూటలా మస్జిదులో కనిపించేవాడు. ఏడు నెలల తర్వాత ఇన్సూరెన్సు రెన్యువల్ కోసం బండిని పరిశీలించిన వ్యక్తి, చట్రం మీది నంబరుకూ ఆర్సీలోని నంబరుకూ పొంతన లేదని చెప్పాడు. ఇప్పుడు ఆ బండి మీద అబ్బాయి తిరగవచ్చునా, దానిని అమ్మి మరొకటి కొనవచ్చునా, లేక ఎవరైనా పేదవానికి ఇచ్చివేస్తే బాధ్యత తీరుతుందా అన్నది ఆమె ప్రశ్న.

ఈ ఉత్తరం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. మన కుటుంబాలలో కొత్త బండి కొనగలిగేవారి కన్నా పాత బండితో సరిపెట్టుకునేవారే ఎక్కువ. ఆటో నడిపి ఇల్లు గడుపుకునేవారు, తోపుడు బండి వదిలి చిన్న ట్రాలీ కొనుక్కునేవారు, ఇల్లిల్లూ తిరిగి బట్టలు అమ్ముకునేవారు కొనే వాహనం అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఉంటుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము, ఒక్కోసారి ఇల్లాలి మెడలోని గొలుసు, ఆ ఒక్క బేరానికి ఖర్చవుతుంది. అంతటి బేరంలో టైర్లు నొక్కి చూస్తారు, పొగ గమనిస్తారు, మైలేజీ అడుగుతారు. వంగి చట్రం మీది నంబరు చదివేవారు మాత్రం అరుదు. కనుక సోదరి ప్రశ్నకు వచ్చే ముందు ఆ నంబరు గురించి కొంత వివరంగా చెప్పుకోవడం అవసరమని భావిస్తున్నాము.

ముందూ వెనుకా కనిపించే ప్లేటు మీది నంబరు రవాణా శాఖ ఇచ్చినది. పాత తరహా ప్లేటును విప్పి మరొకటి బిగించడానికి స్క్రూడ్రైవర్ చాలు. 2019 ఏప్రిల్ నుండి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు వస్తున్నప్పటికీ, మార్కెట్లో తిరిగే పాత బండ్లలో చాలావాటికి అవి లేవు. ఛాసిస్ నంబరు అలాంటిది కాదు. దానిని కర్మాగారంలోనే చట్రపు ఇనుములోకి దిగేలా ముద్రిస్తారు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన నెల వాహనం మీద ముద్రించి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 122వ నిబంధన చెబుతున్నది. విద్యుత్ వాహనాలకు ఇంజను నంబరుకు బదులు మోటారు నంబరు ఉంటుంది. యజమానులు ఎందరు మారినా, మరో రాష్ట్రానికి వెళ్ళి కొత్త ప్లేటు వచ్చినా ఛాసిస్ నంబరు మారదు.

ఆస్తి మీద చెరగని గుర్తు వేయడం ఇస్లామీ సంప్రదాయానికి కొత్త విషయమేమీ కాదు. హజ్రత్ అనస్ (రజి) తన తల్లికి పుట్టిన పసిబిడ్డను, అంటే అబూ తల్హా (రజి) కుమారుడైన అబ్దుల్లాహ్‌ను, తహ్నీక్ కోసం దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళినప్పుడు, ఆయన స్వహస్తాలతో జకాతు ఒంటెలకు గుర్తు వేస్తూ కనిపించారని సహీహ్ బుఖారీలో ఉంది. అవి ప్రజల సొత్తు. ఇతరుల మందలో కలిసిపోకుండా, ఎవరూ తమవని చెప్పుకోకుండా ఆ గుర్తు కాపాడుతుంది. అదే ప్రవక్త (స) జంతువు ముఖం మీద వాత పెట్టడాన్ని నిషేధించారు. హక్కుకు రక్షణ కావాలి గాని, దాని కోసం మూగజీవిని హింసించరాదు. నేటి వాహనం మీది ముద్ర కూడా ఈ సొత్తు ఎవరిదో చెప్పే సాక్ష్యమే. అందుచేత దానిని చెరిపివేయడం కేవలం రవాణా శాఖను మోసగించడం కాదు, ఒక దైవదాసుని హక్కుకు ఉన్న సాక్ష్యాన్ని నోరు నొక్కి చంపడం.

ఇక ఆ ముద్ర ఎక్కడుంటుంది? మోటారు సైకిళ్ళలో చాలావాటికి హ్యాండిల్ కింద, ముందు ఫోర్కు చట్రంలోకి దిగే గొట్టం మీద, సాధారణంగా కుడివైపున ఉంటుంది. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, ఆ చోటును కిరోసిన్ గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. స్కూటర్లలో సీటు కిందనో, కాళ్ళు పెట్టుకునే పలక కిందనో, పక్క ప్లాస్టిక్ మూత వెనుకనో వెతకాలి. కార్లలో బోనెట్ ఎత్తితే ఇంజను గదికీ లోపలి భాగానికీ మధ్యనున్న ఇనుప గోడ మీద, లేదా ముందు సీటు దగ్గర తివాచీ ఎత్తితే నేల రేకు మీద ముద్ర కనిపిస్తుంది. డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరు, కొన్ని కార్లలో ముందు అద్దం కింది మూలనున్న పట్టీ కూడా అదే నంబరును చెప్పాలి. చోటు మోడల్‌ను బట్టి మారుతుంది కనుక బండితో వచ్చే యజమాని పుస్తకం చూడడం ఉత్తమం. ఇంజను నంబరు ఇంజను ఇనుము మీదనే ఉంటుంది.

నంబరును కంటితో చదివి వదిలివేయకుండా దాని నకలు తీసుకోవాలని మా సలహా. ముద్ర మీద పలుచని కాగితం అదిమిపెట్టి పెన్సిలును ఏటవాలుగా రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. రవాణా కార్యాలయాలలో, ఇన్సూరెన్సు పరిశీలనలో ఎంతో కాలంగా వాడుతున్న పద్ధతి ఇదే. ఫోన్‌తో తీసిన ఫొటో కూడా పనికివస్తుంది గాని, పెన్సిలు నకలులో అక్షరాల లోతు, వరుస, వంకర బాగా తెలుస్తాయి. ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూడాలి. చివరి నాలుగు అంకెలు కలిశాయి కదా అని తృప్తిపడడం సరిపోదు.

ప్రస్తుత వాహనాల ఛాసిస్ నంబరులో మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. బాగా పాత బండ్లలో ఇంతకన్నా తక్కువ ఉండవచ్చు. ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూ అనే మూడింటిని ఈ నంబరులో వాడరు. అవి 1, 0 అంకెలతో తికమక పెడతాయన్నది కారణం. కాబట్టి 17 అక్షరాల నంబరులో స్పష్టంగా ‘క్యూ’ కనిపించిందంటే, ముద్రించినవాడు కర్మాగారంలో పనిచేసేవాడు కాదని అర్థం. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి. మన దేశపు కంపెనీల నంబర్లు సాధారణంగా ‘ఎం’తో మొదలవుతాయి. మారుతి సుజుకి కార్లకు ఎం-ఏ-3, టాటాకు ఎం-ఏ-టీ, హ్యుండాయ్‌కి ఎం-ఏ-ఎల్, హీరో ద్విచక్ర వాహనాలకు ఎం-బీ-ఎల్, బజాజ్‌కు ఎం-డీ-2 సుపరిచితాలు. బజాజ్ ఆటో మీద హీరో వారి అక్షరాలు కనిపిస్తే మరి బేరమాడవలసిన పని లేదు. చాలా కంపెనీలు 10వ స్థానంలో సంవత్సరపు గుర్తు పెడతాయి. 2010కి ఏ, 2011కి బీ, అలా సాగి, ఐ అక్షరం వాడరు కనుక 2018కి జే, 2020కి ఎల్ అవుతాయి. అన్ని కంపెనీలూ ఒకే స్థానాన్ని పాటించవు కాబట్టి దీనిని తుది తీర్పుగా గాక, ఆర్సీలో రాసి ఉన్న తయారీ నెలతో పోల్చుకునే ఆధారంగా మాత్రమే తీసుకోవాలి.

దొంగముద్రను గుర్తుపట్టడానికి కొంత ఓపిక చాలు. అక్షరాల లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉండడం, వరుస ఎగుడు దిగుడుగా ఉండడం, చుట్టూ పాత తుప్పు ఉండి ముద్ర ఉన్న చోట మాత్రం నిగనిగలాడే కొత్త రంగు ఉండడం, వేలితో తడిమితే ఆకురాయి గీతలు తగలడం అనుమానించదగిన గుర్తులు. కార్ల విషయంలో మరింత పెద్ద మోసం జరుగుతుంది. ప్రమాదంలో నుజ్జునుజ్జయి ఇన్సూరెన్సు వారు పూర్తి నష్టంగా తేల్చిన కారును తుక్కు ధరకు కొంటారు. దాని నంబరు ఉన్న ఇనుప ముక్కను కోసి, అదే మోడల్‌కు చెందిన దొంగిలించిన కారుకు వెల్డింగ్ చేస్తారు. అప్పుడు ఆర్సీ అసలుదే, నంబరూ అసలుదే, కారు మాత్రం వేరొకరిది. అందువల్ల నంబరు సరిపోయిందా అని మాత్రమే గాక, నంబరు చుట్టూ అతుకు గీత ఉందా అని కూడా చూడాలి. తుప్పు పట్టి చెరిగిపోయిన నంబరును రవాణా శాఖ అనుమతితో తిరిగి ముద్రించే పద్ధతి ఉంది. అటువంటి బండికి ఆ అనుమతి కాగితం చూపమని అడగాలి.

ఆకురాయితో అరగదీస్తే నంబరు పోయినట్లేనని దొంగ అనుకుంటాడు. ముద్ర పడినప్పుడు ఆ దెబ్బకు అక్షరం అడుగున ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది. పైపొర అరిగిపోయినా ఆ ఒత్తిడి లోపల మిగిలే ఉంటుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆ చోటును నునుపు చేసి ఆమ్లపు ద్రావణం పూస్తే, నొక్కుకున్న లోహం చుట్టుపక్కల లోహం కన్నా భిన్నంగా స్పందించి పాత అక్షరాలు మసకగా తేలుతాయి. మరీ లోతుగా అరగదీస్తే తప్ప ఆ పరీక్ష సాధారణంగా ఫలిస్తుంది.

బండి మీద చూడవలసినది చూశాక రికార్డులో చూడవలసినవి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు పరివాహన్ వెబ్‌సైటులోనో, ఎం-పరివాహన్ యాప్‌లోనో, రాష్ట్ర రవాణా శాఖ కార్యాలయంలోనో బండి నంబరు చెప్పి వివరాలు తెలుసుకోవచ్చు. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్సు వారి పేరు ఆర్సీలో నమోదై ఉంటుంది. అప్పు తీరిందని నోటిమాట చాలదు. ఫైనాన్సు వారి సంతకంతో ఫారం 35 దాఖలై ఆ పేరు తొలగాలి. దొంగతనానికి గురైన వాహనాల వివరాలను జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహిస్తుంది. వారి పౌర సేవల వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజను నంబర్లు నమోదు చేస్తే ఆ వాహనం మీద పోలీసు రికార్డు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇక్కడ ఆర్సీలోని నంబరు గాక, మీరు పెన్సిలుతో తీసుకున్న నంబరు నమోదు చేయడం ముఖ్యం. బయానా ఇవ్వక ముందే ఇదంతా పూర్తి కావాలి. బయానా చేతులు మారిన తరువాత కొనేవాని నోరు సగం మూతపడుతుంది.

“మనవాడే కదా, నమాజీ కదా, నంబరు చూపమంటే ఏమనుకుంటాడో” అని చాలామంది సంకోచిస్తారు. సోదరి ఉత్తరంలో కూడా ఈ మాట ఉంది. దీనితో మేము ఏకీభవించలేము. అప్పు లావాదేవీని రాసుకోమని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించినప్పుడు సంబోధించినది విశ్వాసులనే. పరస్పరం నమ్మకమున్న సమాజానికే రాసుకోమని చెప్పడం జరిగింది. ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టి చూస్తే అడుగున తడి తగిలింది. పైకి కనిపించేలా ఎందుకు పెట్టలేదని అమ్మేవానిని నిలదీసి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అమ్మేవాని ముఖం చూసి రాశిని నమ్మలేదు, చేయి పెట్టి చూశారు. నంబరు చూపమని అడగడం అవమానమని అమ్మేవాడు భావిస్తే, ఆ భావనే సందేహించదగినది.

లోపం చెప్పవలసిన బాధ్యత అమ్మేవానితో ఆగిపోదు. ఇమాం గజాలీ (రహ్మలై) ‘ఇహ్యా’లో ప్రస్తావించిన ఒక సంఘటన చూడండి. ఒక వ్యక్తి మూడు వందల దిర్హములకు ఒంటెను అమ్మాడు. అక్కడే ఉన్న హజ్రత్ వాసిలా బిన్ అస్‌ఖా (రజి) ఏమరుపాటులో ఉండగా కొన్నవాడు ఒంటెను తోలుకుపోయాడు. ఆయన వెంటపడి కేకవేసి, మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా అని అడిగారు. ప్రయాణానికేనని చెప్పగా, దాని పాదంలో చిల్లు ఉందని, ఎడతెగని నడకకు ఆగదని తెలిపారు. కొన్నవాడు తిరిగివచ్చాడు, ధరలో వంద దిర్హములు తగ్గాయి. బేరం చెడగొట్టావని అమ్మినవాడు నిష్ఠూరమాడితే, ప్రతి ముస్లిం మేలు కోరతామని ప్రవక్త (స)కు ప్రమాణం చేసి ఉన్నామని వాసిలా (రజి) బదులిచ్చారు. ఆ బేరంలో ఆయనకు ఒక్క దిర్హము వాటా లేదు. మరి వాటా తీసుకునే మధ్యవర్తి సంగతి ఏమిటి? బండి కథ తెలిసి కూడా కమీషను కోసం మౌనం వహించే మధ్యవర్తులు మన మధ్యనే ఉన్నారు.

ఇంకొక కఠినమైన మాట కూడా చెప్పక తప్పదు. మన యువకులలో ఎందరో గ్యారేజీలలో, వెల్డింగ్ షాపులలో, పాత సామాన్ల వ్యాపారంలో ఉన్నారు. కష్టపడి నేర్చుకున్న గౌరవప్రదమైన వృత్తులివి. ఏ రాత్రి వేళనో ఒకడు బండి తెచ్చి, నంబరు ఉన్న చోట కాస్త రుద్దిపెట్టు, కాస్త అతుకువేయి అని మామూలు కూలికి నాలుగింతలు చూపుతాడు. ఆ నాలుగింతల కూలి ఎందుకిస్తున్నాడో చేసేవానికి తెలియకుండా ఉండదు. పాపకార్యంలో తోడ్పాటును మాయిదా సూరా రెండవ ఆయతు స్పష్టంగా వారించింది. దొంగ బండి మీద వెళ్ళిపోతాడు, పోలీసులు వచ్చేది గ్యారేజీకి. యజమానులు తమ దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ విషయం ముందే చెప్పి ఉంచాలి.

ఇక సోదరి ప్రశ్న. నంబర్లు కలవనంత మాత్రాన బండి దొంగదని తీర్మానించరాదు. ఆర్సీ తయారు చేసేటప్పుడు 8కి బదులు బీ, 5కు బదులు ఎస్ పడిన సందర్భాలు ఉంటాయి. ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో చూడండి. ఒకటి రెండే అయితే అది రాతదోషం కావచ్చు. బండిని, కాగితాలను రవాణా కార్యాలయానికి తీసుకువెళ్తే, మొదటి అమ్మకం నాటి ఫారం 21తో పోల్చి సరిదిద్దే అవకాశం ఉంది. అది తేలేవరకు అబ్బాయి ఆ బండి నడపకపోవడమే మేలు. అమ్మిన వ్యక్తి మీద అపవాదు వేయడం కూడా తగదు. అతడు సైతం మోసపోయి ఉండవచ్చు.

నంబరు పూర్తిగా వేరయితే విషయం వేరు. ఒకని సొత్తు దొంగతనం ద్వారా ఎన్ని చేతులు మారినా అతని యాజమాన్యం పోదు. తన వస్తువును మరొకని వద్ద గుర్తించినవానికే దానిపై హక్కు ఎక్కువని, కొన్నవాడు తనకు అమ్మినవానిని పట్టుకోవాలని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు బోధిస్తున్నది. కనుక ఆ బండిని దాచి అమ్మడం ధర్మసమ్మతం కాదు. తన నష్టాన్ని మరొక అమాయకుని నెత్తిన పెట్టడమే అవుతుంది. పేదవానికి ఇవ్వడమూ కుదరదు, మనది కానిదానిని దానం చేయలేము. పైగా ఆ పేదవాడే రేపు పోలీసు స్టేషనులో నిలబడవలసి వస్తుంది. “ఉన్నది ఉన్నట్లు కొన్నారు, ఇక నాకు సంబంధం లేదు” అని అమ్మినవాడు అంటే ఆ మాట చెల్లదు. తనది కానిదానిని అమ్మే అధికారమే అతనికి లేదు. పైకం వాపసు చేయవలసిన బాధ్యత అతనిదే. అతడు తనకు అమ్మినవానిని అడుగుతాడు. చట్టం కూడా ఇదే దిశలో ఉంది. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశంతో దగ్గర పెట్టుకున్నవానికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చునని భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ చెబుతున్నది. కాబట్టి చెల్లింపు రసీదు, ఒప్పంద పత్రం, మధ్యవర్తి వివరాలు తీసుకుని మీ భర్త స్వయంగా, వీలైతే న్యాయవాదితో కలిసి, పోలీసు స్టేషనుకు వెళ్ళి రాతపూర్వకంగా తెలియజేయాలి. సొమ్ము పోయే ప్రమాదం ఉందని మాకు తెలుసు. ఒక పిల్లవాని చదువు కోసం కూడబెట్టిన సొమ్ము అది. అయినా ఇంతకన్నా తేలికైన మార్గం చూపలేకపోతున్నాము.

అమ్మేవారి గురించి కూడా రెండు మాటలు. ఖాళీ ఫారాల మీద సంతకం చేసి బండి అప్పగించి వచ్చేవారు గమనించాలి. పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. అమ్మిన తరువాత పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి కారణమైతే, రికార్డులో పేరున్న మొదటి వ్యక్తే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రాష్ట్రం లోపలి అమ్మకమైతే 14 రోజులలో అమ్మినవాడు, 30 రోజులలో కొన్నవాడు రవాణా శాఖకు తెలపాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. ఇన్సూరెన్సు మార్పు కోసం కొన్నవాడు 14 రోజులలో దరఖాస్తు చేసుకోవాలి.

తండ్రి మరణానంతరం ఆయన పేరున ఉన్న బండిని పెద్ద కుమారుడు అమ్మివేయడం మన ఇళ్ళలో సర్వసాధారణం. ఆ బండి వారసత్వపు ఆస్తి. తల్లికి ఎనిమిదవ వంతు, ఆడపడుచులకు వారి వాటా అందులో ఉన్నాయి. ఫారం 31 ద్వారా వారసుని పేరుకు మార్చుకుని, అందరి అంగీకారంతో అమ్మాలి. కొనేవారు కూడా ఆర్సీలో ఉన్న వ్యక్తి జీవించి ఉన్నాడా అని తప్పక విచారించాలి.

ఇంటి దగ్గర నిలిపి ఉన్న మీ సొంత బండి నంబరును కూడా ఈ వారమే పెన్సిలుతో తీసి, ఆర్సీ నకలుతో పాటు వేరుగా భద్రపరచండి. బండి పోయినప్పుడు ఆర్సీ కూడా చాలాసార్లు సీటు కిందనే ఉండి దానితో పాటే పోతుంది. ఫిర్యాదు రాసే వేళకు స్టేషనులో ముందుగా అడిగేది ఈ నంబరే. వాయిదాల మీద కొనే బండ్లు, వాటి వడ్డీ గురించి మరో ఇద్దరు పాఠకులు అడిగారు. ఆ విషయం వచ్చే నెల.